కొలిమి ముందు నిజాయితీ

కత్తిలో అసలు సంగతులు మూడు. ఏ ఉక్కుతో చేశారు, ఎంత వేడిలో పదును పెట్టారు, పిడి లోపలికి దిగిన తోక ఎంత పొడవుంది అన్నవి. మూడూ కొనేవాడి కంటికి కనబడనివే. మెరుపును చూసి సాన పట్టినవాడి ఓపిక చెప్పొచ్చు, పిడి నునుపును చూసి చేతి నేర్పు చెప్పొచ్చు. అంతకుమించి సంతలో నిలబడి తేల్చగలిగిందేమీ లేదు. ఇల్లు కట్టే కడ్డీని సాగగొట్టి రుద్దినా మంచి ఉక్కులాగే మెరుస్తుంది. అలాంటి కడ్డీలో కర్బనం 0.3 శాతం లోపే కాబట్టి దానికి నిలిచే పదును రాదు. ఆ సంగతి నాలుగు రోజులు వాడాక గాని బయటపడదు. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది. అందుకే కత్తుల పని నేర్చుకునేవాడికి సుత్తి పట్టడంతో పాటే నిజం చెప్పడమూ నేర్పాలి. ఈ పనిలో అది మంచి గుణం మాత్రమే కాదు, పనితనంలో భాగం.

2022 జిల్లాల విభజనలో తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాకు మారిన రామచంద్రపురం లాంటి ఊళ్లో ఈ మాట మరీ వర్తిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల నీళ్లు పారిన నాటి నుంచి ఈ తూర్పు డెల్టా అంతా వరి, కొబ్బరి. సార్వా కోతలకు ఒకసారి, దాళ్వా కోతలకు ఒకసారి కొడవళ్లు కొలిమికి వచ్చేవి. దింపు కార్మికుడి నడుముకు ఒక కత్తి, బొండాల బండి మీద ఒక కత్తి, మాంసం కొట్టులో మొద్దు మీద ఒకటి, చేపల బజారులో కత్తిపీట ముందు కూర్చున్న మనిషి కాలి కింద ఒకటి. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. మాంసం కత్తికి బరువు, వీపు మందం కావాలి. కత్తిపీటకు సన్నటి అంచు, కొద్దిపాటి వంపు కావాలి. దింపు కత్తి అంచు పెళుసైతే చెట్టు మీదుండగా పెచ్చు లేస్తుంది. పిడి వదులైతే కింద నిలబడ్డవాళ్లకు ప్రమాదం. కాబట్టి ఇక్కడ కత్తి చేసేవాడి అబద్ధం ఎవరో ఒకరి చేతికో తలకో తగులుతుంది.

పాతరోజుల్లో ఈ నిజాయితీని కాపాడే ఏర్పాటు ఒకటి ఊరి కట్టుబాట్లలోనే ఉండేది. కమ్మరికి పనికింతని డబ్బు ఇచ్చే అలవాటు తక్కువ. ఏడాదంతా రైతు పనిముట్లు చూసుకుంటే కళ్లం దగ్గర మేరగా ధాన్యం కొలిచేవారు. కొడవలి చెడితే బాగుచెయ్యాల్సిందీ అతనే, కోతల మధ్యలో నాగా పడితే మాట పడాల్సిందీ అతనే. నాసిరకం పని చేసి లాభపడే దారి అందులో లేదు. చెడ్డ కొడవలి మళ్లీ తన కొలిమికే వస్తుంది, ఈసారి కూలి లేకుండా. అయితే ఈ ఏర్పాటు మరీ అందమైనదేమీ కాదు. కులానికీ ఇంటికీ కట్టేసిన పని అది. కమ్మరి కొడుకు కమ్మరి కావాల్సిందే, ఇంకొకరి పిల్లవాడికి కొలిమి ముందు చోటు లేదు, ఆడపిల్లకైతే తిత్తి ఊదడం దాకానే. ఆ కట్టుబాటు పోవడం మంచిదే. దానితో పాటు చెడ్డ పని చేసినవాడి ఇంటికే తిరిగి వచ్చే దారి కూడా పోయింది. ఇవాళ సంతలోనో ఫోన్లోనో కొన్న కత్తి ఎవరు చేశారో తెలియదు, చేసినవాడికి అది ఎవరి ఇంట్లో ఎలా పనిచేస్తోందో తెలియదు.

తెలుగు నేల ఉక్కుకు ఒకప్పుడు ప్రపంచమంతా పేరుండేది. ఆ పేరు కూడా కొనేవాడు దగ్గరుండి చూసుకోవడం మీదే నిలిచింది. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు పర్షియాకు వెళ్లేవి. సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ పనిని కళ్లారా చూసి రాసిన వ్యాసం, ఆయన పోయాక 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు కొలిమి దగ్గరే ఉండి తూకాలూ పాళ్లూ స్వయంగా చూసుకునేవాడని అందులో ఉంది. పేరుమోసిన సరుకైనా ఆ పేరును నమ్మి మూట కట్టుకుపోలేదన్నమాట.

గోదావరి జిల్లాకు దగ్గరి కథ ఇంకొకటి ఉంది. రామచంద్రపురానికి ఉత్తరాన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న బెంజమిన్ హెయిన్ మొక్కలతో పాటు ఇనప కొలుముల మీదా దృష్టి పెట్టాడు. నూజివీడు వైపు రమణక్కపేటలో ఇనుము తీసే తీరును వివరంగా రాశాడు. 1814లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన ఉక్కు గురించి జేమ్స్ స్టోడార్ట్ అభిప్రాయం కూడా చేరింది. స్టోడార్ట్ శస్త్రచికిత్స పరికరాలు చేసే లండన్ పనివాడు, తర్వాత మైఖేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసినవాడు. సన్నటి అంచు నిలవాల్సిన పనిముట్లకు ఈ ఉక్కు ఎంతో మేలైనదని చెబుతూనే, దాన్ని సాగగొట్టడం చాలా కష్టమని కూడా చెప్పాడు. మెచ్చుకోలూ ఇబ్బందీ ఒకే చోట చెప్పే ఈ పద్ధతి పని తెలిసినవాడి పద్ధతి. శిష్యుడి కత్తిని చేతిలోకి తీసుకున్న గురువు నుంచి ఆశించాల్సిందీ ఇదే.

కొలిమి దగ్గర చదువు ఒక వరసలో నడుస్తుంది. మొదట బొగ్గు, గాలి. తిత్తి పోయి చాలాచోట్ల మోటారు బ్లోయరు వచ్చినా గాలి ఎంత వదలాలన్నది తెలియాల్సిందే. గాలి ఎక్కువైతే ఉక్కు నిప్పురవ్వలు చిమ్ముతుంది, అంటే కాలిపోతోందని అర్థం. అలా కాలిన ముక్క మళ్లీ బాగుపడదు, పారెయ్యాలి. తర్వాత సమ్మెట. దాగలికి ఒకవైపు గురువు చిన్న సుత్తితో, ఎదురుగా శిష్యుడు సమ్మెటతో నిలబడతారు. గురువు సుత్తి ఎక్కడ తడితే సమ్మెట అక్కడ పడాలి. అతను మెల్లగా తడితే ఇతను మెల్లగా, గట్టిగా తడితే ఇతను గట్టిగా. మాటలతో పని లేదు. ఆ తర్వాత కొక్కేలు, మేకులు, గడియలు లాంటి అంచు అక్కర్లేని పనులు. అటుపైన కొడవలి కక్కు.

కక్కు పెట్టడం దగ్గరగా చూడాల్సిన పని. కొడవలిని కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి మెత్తపరిచి, చిన్న ఉలిని ఏటవాలుగా ఆనించి, సన్న సుత్తితో ఒక్కో దెబ్బకు ఒక్కో పన్ను తెంచుకుంటూ పిడి నుంచి కొన దాకా వెళ్లాలి. ఉలి ఒరుగు ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఒక పన్ను లోతుగా, పక్కది పైపైన పడితే దుబ్బు కొయ్యడంలో కొడవలి పట్టేస్తుంది. తప్పు పడిన పన్నును దిద్దే వీలు లేదు. ఆ వరుస మొత్తం రాసేసి మళ్లీ మొదలెట్టాలి. నేర్చుకునే కుర్రాడికి ఇక్కడే మొదటి పరీక్ష వస్తుంది. నలభయ్యో పన్ను దగ్గర చెయ్యి జారితే, ఎవరూ చూడలేదు కదా అని నలభై ఒకటికి వెళ్లిపోవాలనిపిస్తుంది. కొడవలి చూపుకి బాగానే ఉంటుంది. చేలో కూలిమనిషి మణికట్టుకే తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే చివర వచ్చేది పదును పెట్టడం. కత్తికి ప్రాణం అక్కడే ఉంది, మోసానికి చోటూ అక్కడే ఉంది. చాలామంది పనివాళ్లు వాడేది పాత లారీ కమాన్ కట్టల ఉక్కు. అందులో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. దాన్ని 850 డిగ్రీల దగ్గరకు కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. పాత ఆకురాయి ఉక్కులో కర్బనం ఒక శాతం పైమాటే. అంచు బాగా నిలుస్తుంది గాని పెళుసు ఎక్కువ, వంటింటి చిన్న కత్తికి పనికొచ్చినంతగా నరికే కత్తికి పనికిరాదు. ఎంత కాలిందన్నది రంగును బట్టి చూడాలి. కొలిమి గదులు చీకటిగా ఉండడానికి కారణం ఇదే. ఎండలో నిలబడి చూస్తే ఉక్కు ఎర్రదనం తక్కువగా కనబడి, ఇంకా కాలలేదనుకుని మితిమీరి కాల్చేస్తారు. కొత్తవాళ్లకు అయస్కాంతం మంచి తోడు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం కాల్చి ముంచితే చాలు.

నూనెలోంచి తీసిన కత్తి గట్టిపడిందో లేదో ఆకురాయి చెబుతుంది. అంచు మీద ఆకురాయి గీసుకోకుండా జారిపోతే గట్టిపడినట్టు. ఆ స్థితిలో కత్తి కింద పడినా విరగొచ్చు. అందుకని మళ్లీ కొద్దిగా వేడి చేసి పెళుసుదనం తీసెయ్యాలి. శుభ్రంగా తోమిన ఉక్కు మీద వేడికి రంగులు దిగుతాయి. 200 డిగ్రీలు దాటాక లేత గడ్డి రంగు, 250 దాటాక గోధుమ రంగు, ఆ పైన ఊదా, 300 దగ్గర నీలం. కూరగాయల కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపాలి. కొబ్బరి మట్ట నరికే కత్తి ఇంకాస్త ముందుకు పోవచ్చు. అయిపోయాక మిషను మీద సాన పడుతూ ఒక్క క్షణం ఎక్కువ ఒత్తితే అంచు నీలం తిరుగుతుంది. అంటే అక్కడ పదును పోయిందన్నమాట. ఆ నీలాన్ని గీకేసి మెరుగు పెడితే ఎవరికీ కనబడదు. కత్తుల వ్యాపారంలో జరిగే మోసాల్లో ఇంత తేలికైనదీ, ఇంత ఎక్కువగా జరిగేదీ ఇంకొకటి లేదనిపిస్తుంది. దీన్ని చేసేవాళ్లలో చాలామంది తాము మోసం చేస్తున్నామని కూడా అనుకోరు.

ఇక్కడ గురువు చెయ్యాల్సింది ఏమిటి? పాత పద్ధతిలో జవాబు ఒకటే, చూసి నేర్చుకో అని. ఆ మాటలో కొంత నిజముంది. రంగు, శబ్దం, సుత్తి బరువు మాటలతో రావు. కాని అదే మాట రహస్యాలను దాచుకోవడానికీ పనికొచ్చింది. పదును పెట్టే వేళ శిష్యుణ్ణి బయటికి పంపడం, నూనెలో ఏదో కలిపానని చెప్పి అసలు సంగతి దాటెయ్యడం, కొడుకుకి తప్ప చెప్పకపోవడం కమ్మరంలోనే కాదు, మన చేతిపనులన్నిటిలోనూ ఉన్న జబ్బే. తెలిసింది దాచిన గురువు శిష్యుడి నుంచి దాపరికం లేని పనిని ఎలా అడుగుతాడు? ఉక్కును ఎందుకు ముంచుతున్నామో, నీళ్లు ఎందుకు వద్దో, పగులు ఎందుకు వస్తుందో చెప్పి చేయిస్తే శిష్యుడికి తన తప్పు తానే పట్టుకునే శక్తి వస్తుంది. కారణం తెలియనివాడు గురువు లేనప్పుడు అదృష్టం మీద ఆధారపడతాడు.

గురువు చెప్పాల్సిన మరో నిజం, తనకు తెలియనిది తెలియదని చెప్పడం. పాత ఇనప కొట్టు నుంచి తెచ్చిన ముక్క ఏ ఉక్కో ఎవరికీ రూఢిగా తెలియదు. అప్పుడు చెయ్యాల్సింది చిన్న ముక్క తెంచి, కాల్చి, ముంచి, విరగ్గొట్టి చూడడం. విరిగిన చోట ఉక్కు సన్నగా, బూడిద రంగులో, మఖమల్లా ఉంటే వేడి సరిపోయినట్టు. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే మితిమీరి కాల్చినట్టు. ఈ పరీక్షను తన చేతి పని మీద కూడా చేసి చూపించే గురువు దగ్గర శిష్యుడికి పెద్దగా నీతులు చెప్పనక్కర్లేదు. కమాన్ కట్టలతో ఇంకో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి గతుకులు మోసిన పట్టాలో కంటికి కనబడని సన్న పగుళ్లు ఉండొచ్చు. కత్తి అంతా అయిపోయాక అవి తేలతాయి. ఉక్కు ఊరికే దొరికిందన్న సంతోషం అక్కడితో సరి.

మెచ్చుకోలు సంగతి ఇంకా సున్నితం. పదహారేళ్ల కుర్రాడు మొదటి కత్తి తెచ్చి చూపిస్తే బాగుంది బాబూ అని పంపెయ్యడం తేలిక. అంచు వంకరగా ఉందని, తోక పొట్టిదని, ఈ కత్తితో గట్టిగా నరికితే పిడి ఊడి వస్తుందని చెప్పడం కష్టం. కాని ఆ కత్తి అతని అమ్మ చేతికి వెళ్లబోతోంది. చెప్పే తీరులో తేడా చూపొచ్చు, చెప్పే విషయంలో చూపకూడదు. ఒకేసారి పది తప్పులు ఏకరువు పెడితే కుర్రాడు రేపటి నుంచి రాడు. వాటిలో మనిషికి దెబ్బ తగిలించే తప్పేదో ముందు చెప్పి, అందానికి సంబంధించినవి తర్వాతి కత్తికి దాచుకోవడం అనుభవం ఉన్న మేస్త్రీలు చేసేదే. తప్పులన్నీ ఏకరువు పెట్టడం కంటే చెడ్డ అలవాటు ఇంకొకటి ఉంది. శిష్యుడి చేతిలోంచి లాక్కుని ఆఖరి మెరుగు తానే దిద్ది, నీ కత్తి చాలా బాగా వచ్చిందనడం. కుర్రాడికి పని రాలేదు, పైగా వచ్చిందన్న భ్రమ మిగిలింది.

శిష్యుడి వైపు నిజాయితీకి గట్టి పరీక్ష ఒక చిన్న చప్పుడు. నూనెలో ముంచినప్పుడు ఒక్కోసారి టిక్‌మని వినబడుతుంది. నీళ్లలో ముంచితే ఇంకా తరచుగా. అది పగులు పడ్డ చప్పుడు. మూడు రోజుల పని ఆ ఒక్క క్షణంలో పోయింది. పగులు వెంట్రుక మందమే ఉంటుంది, మెరుగు పెడితే మూసుకుపోయినట్టే కనబడుతుంది. ఆ చప్పుడు విన్నది ఒక్క శిష్యుడే అయితే? కొలిమి దగ్గర ఇలాంటి ముక్క తెచ్చి చూపించిన కుర్రాణ్ణి తిట్టే గురువు, రేపు చూపించకుండా దాచే కుర్రాణ్ణి తయారు చేసుకుంటున్నాడు. చూపించినవాడితో కలిసి పగులు ఎక్కడ మొదలైందో వెతికితే పాఠం అవుతుంది. ఎక్కువగా అది అంచు మరీ పల్చగా రాసేసిన చోటో, లోతైన ఆకురాయి గీత దగ్గరో, తోక మొదట్లో పదునైన మూల దగ్గరో మొదలవుతుంది. మొదటి కత్తుల్లో ఒకదాన్ని కావాలనే పట్టుడులో బిగించి విరగ్గొట్టడం అన్నిటికంటే మంచి అలవాటు. తాను చేసిన దాని లోపల ఏముందో కుర్రాడు చూసేది అప్పుడే.

ఇతర దేశాల్లో ఈ బాధ్యతను కొంత సంఘాలకు, చట్టాలకు అప్పగించారు. ఇంగ్లండులో షెఫీల్డ్ చుట్టుపక్కల కత్తులు, కొడవళ్లు, కత్తెరలు చేసేవారి కోసం 1624లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ద్వారా ఏర్పడిన కట్లర్స్ కంపెనీ నేటికీ ఉంది. అంచుకు ఉక్కే వాడాలని, ప్రతి పనివాడూ తనకు కేటాయించిన గుర్తునే కొట్టాలని ఆ చట్టంలో ఉంది. ఒళ్లంతా ఇనుముతో చేసి అంచుకు మాత్రం ఉక్కు పొదిగే రోజులవి. ఉక్కు ఖరీదు కాబట్టి దాన్ని ఎగ్గొట్టే ఆశ ఎక్కువ. అంటే నాలుగు వందల ఏళ్ల కిందటి షెఫీల్డ్‌లోనూ మోసం కడ్డీని ఉక్కుగా అమ్మడమే. జర్మనీలో సోలింజన్ పేరు ఆ ఊరి ప్రాంతంలో తయారైన కత్తులకే చెందేలా 1938లో చట్టం వచ్చింది. జపానులో సంప్రదాయ ఖడ్గాలు చెయ్యాలంటే లైసెన్సు ఉన్న గురువు దగ్గర అయిదేళ్లు పనిచేసి, ఆ తర్వాత సాంస్కృతిక వ్యవహారాల సంస్థ పరీక్ష నెగ్గాలి.

నేర్చుకునేవారికి వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్ష. 1976లో మొదలైన ఆ సంఘంలో మొదటి మెట్టు ఎక్కాలంటే అభ్యర్థి తానే సాగగొట్టి చేసిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి. తర్వాత రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పున్న చెక్కను రెండుసార్లు నరికి తెంచాలి. ఆ తర్వాత కూడా అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గొరిగి చూపాలి. చివరికి దాన్ని పట్టుడులో బిగించి 90 డిగ్రీలు వంచుతారు. విరగకూడదు. పరీక్షతో ఆ కత్తి పాడైపోతుంది, దాని అందం ఎవరికీ అక్కర్లేదు. ఒకే కత్తిలో అంచు గట్టిదనం, వీపు సాగుడు రెండూ ఉన్నాయా అన్నదే ప్రశ్న. దీనికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. కొబ్బరి తాడు, తుమ్మ దుంగ, పట్టుడు ఏ వీధి కొలిమిలోనైనా ఉంటాయి. కొత్తవాళ్లు వంచే పరీక్ష చేసేటప్పుడు మాత్రం కళ్లద్దాలు, మందపాటి చొక్కా, పక్కన అనుభవం ఉన్న మనిషి తప్పనిసరి.

అమ్మే దగ్గరికి వస్తే ఈమధ్య డమాస్కస్ అన్న మాట ఎక్కువ వినబడుతోంది. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కు రేకులను కలిపి అతికి, మడిచి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. అది మంచి పనే, కష్టమైన పనే. కాని కోనసముద్రం మూసల్లో పుట్టిన ఉక్కుతో దానికి సంబంధం లేదు. ఇంకొన్ని అదీ కాదు, మామూలు ఉక్కు మీద గీతలు పైపైన చెక్కి అమ్ముతారు. సాన పడితే గీతలు పోతాయి. నేర్చుకునేవాడు మొదటి నుంచీ అలవాటు చేసుకోవాల్సింది సాదా మాట. పాత కమాన్ కట్టతో చేశాను, నూనెలో పదును పెట్టాను, పిడి తుమ్మ కర్ర, తోక ఇంత పొడవు అని. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేకుకు పిడి మాత్రమే తాను బిగించి ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి. అలా బిగించడం తప్పేమీ కాదు, చాలామంది అక్కడే మొదలుపెడతారు. చెప్పకపోవడమే తప్పు. తుప్పు పడుతుందని కూడా ముందే చెప్పాలి. కర్బనం ఉక్కు నిమ్మరసానికి, చింతపండుకు నల్లబడుతుంది. కోశాక కడిగి తుడవమని చెబితే కొన్నవాళ్లు తర్వాత తిట్టుకోరు.

చట్టం కూడా గురువు చెప్పాల్సిన నిజాల్లో ఒకటి. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేరుస్తాయి. ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమల కోసం చేసినవాటికి మినహాయింపు ఉంది. కొడవలి, కొబ్బరి కత్తి ఆ మినహాయింపులోకి వస్తాయి. సినిమాలో చూసిన ఖడ్గం రాదు. కుర్రాళ్లలో చాలామంది కొలిమికి వచ్చేది ఆ ఖడ్గం ఆశతోనే. వాళ్లను వెనక్కి పంపక్కర్లేదు గాని, మొదటి ఏడాది వంటింటి కత్తి దాటనివ్వకపోతే చాలు.

పిల్లల వయసు విషయంలోనూ దాటవేత పనికిరాదు. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. ఇంట్లోవాళ్లకు బడి అయ్యాక సాయం చెయ్యొచ్చు గాని ప్రమాదకరమైన పనుల్లో కాదు. 14 నుంచి 18 ఏళ్లవాళ్లను కూడా ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. నేర్పుతున్నానన్న పేరుతో జీతం లేకుండా పిల్లవాడి చేత ఏడాది పొడుగునా సమ్మెట కొట్టించుకోవడం గురుత్వం అనిపించుకోదు. సరదాగా నేర్చుకునే పిల్లలకు కూడా జింకు పూత ఉన్న గొట్టాలను కొలిమిలో పెట్టకూడదని, ఆ పొగ విషమని, నూనె భగ్గుమంటే నీళ్లు పొయ్యకూడదని, మూత పెట్టాలని మొదటి రోజే చెప్పాలి.

మరి ఇవాళ నేర్చుకునే చోటు ఏది? కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 రకాల చేతివృత్తులున్నాయి. కమ్మరం, ఆయుధాల తయారీ, సుత్తులు పనిముట్ల తయారీ వాటిలో ఉన్నాయి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తారు. గురుశిష్య పరంపరను బలపరచడం తన ఉద్దేశాల్లో ఒకటని పథకమే చెప్పుకుంటుంది. కాని అది 18 ఏళ్లు నిండి ఇప్పటికే ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు. కొత్తగా చేరాలనుకునే కుర్రాడికీ, అతనికి ఏడాది పాటు తన సమయం ఇచ్చే ముసలి మేస్త్రీకీ అందులో చోటు లేదు. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద నలుగురికన్నా తక్కువ పనివాళ్లున్న చోట శిక్షణకు తీసుకునే వీలు లేదు. వీధి చివర కొలిమిలో ఉండేది ఇద్దరు. పథకాలు చేసేవాళ్లు నేర్పేవాడి రోజుకూలికి కూడా లెక్క కడితే పరిస్థితి మారుతుంది.

అందాకా ఎక్కువమందికి గురువు ఫోన్లో వీడియోనే. సుత్తి ఎలా పట్టాలో, ఏ ఉక్కుకు ఎంత వేడో అందులో చక్కగానే చెబుతారు. అక్కడ లేనిది ఒకటే, నీ కత్తి చేతిలోకి తీసుకుని వంచి చూసే మనిషి. వరికోత యంత్రాలు వచ్చి కొడవళ్ల పని తగ్గినా కత్తిపీటలు, మాంసం కత్తులు, కొబ్బరి కత్తులు ఇంకా సానకు వస్తూనే ఉన్నాయి. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు కొత్త కత్తి చెయ్యడానికి ముందు ఒక కొలిమి దగ్గర కూర్చుని కొన్నాళ్లు ఈ సానపనే చెయ్యడం మంచిది. పదేళ్లు వాడిన కత్తిలో అంచు ఎక్కడ అరిగింది, ఎక్కడ పెచ్చు లేచింది, పిడి ఎటు వదులైంది అన్నవన్నీ దాచడానికి వీల్లేకుండా కనబడతాయి. చేసినవాడు ఎక్కడ ఉక్కు మిగుల్చుకున్నాడో, ఎక్కడ పదును ఎక్కువైందో అప్పుడు మేస్త్రీ వేలు పెట్టి చూపించగలడు. వాడేవాళ్లు కూడా ఎదురుగానే ఉంటారు, తమ కత్తి సంగతులు అడగకుండానే చెబుతారు.